బ్లేడుకు పట్టిన బంకకు మూడు రూపాయల వడ్డీనా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. రాజమహేంద్రవరంలో అద్దె షెడ్డులో ఫర్నిచర్ పని చేస్తున్నాను. టేబుల్ సా (బల్లకు బిగించిన గుండ్రటి రంపం) మీద టేకు కోస్తే అంచులు నల్లగా మాడుతున్నాయి, మోటారు మూలుగుతోంది. నెలకు మూడు బ్లేడులు పోతున్నాయి, ఒక్కొక్కటి 1,800 రూపాయలు. పదును పోగానే తీసి పారేస్తున్నాను. కొత్త యంత్రం 3.7 లక్షలంటున్నారు. బ్యాంకులో ఉన్న 1.2 లక్షల డిపాజిట్ తీసేసి, మిగతా 2.5 లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెద్దామనుకుంటున్నాను. మా బావమరిది హామీ సంతకం పెడతానన్నాడు. ఇంటి ఖర్చు 32,000, షెడ్డు అద్దె 9,000. ఏం చేయమంటారు?

జవాబు: యంత్రం గురించి ఇంత రాశారు కానీ బ్లేడు కడిగిన ఊసే లేదు. మీ ఉత్తరాన్ని ఎంచుకున్నది అందుకే. ఆయిల్ మార్చని ఆటోను అమ్మేసి కొత్త ఆటోకు అప్పు చేసేవారు, దుమ్ము దులపని ఫ్రిజ్‌ను మూలన పడేసి వాయిదాల మీద ఇంకొకటి తెచ్చేవారు నా దగ్గరకు తరచూ వస్తుంటారు. చేయాల్సిన పని చేయకుండా, లోటు డబ్బుదే అనుకోవడం వీరందరి పొరపాటు.

నేను వడ్రంగిని కాదు. మా మేనమామ షెడ్డులో పద్దులు రాసే రోజుల్లో చూసి నేర్చుకున్నదే చెబుతున్నాను. బ్లేడు అంచున ఉండే పన్ను కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థంతో చేసినది, అది బ్లేడు రేకు కన్నా కాస్త వెడల్పుగా ఉంటుంది. అందువల్లే రేకు చెక్కను రాసుకోకుండా తిరుగుతుంది. టేకులోని నూనె, ప్లైవుడ్‌లోని జిగురు పళ్ల పక్కన గట్టిపడితే ఆ సందు మూసుకుపోతుంది. రేకు చెక్కను ఒరుసుకుంటూ తిరిగి వేడెక్కుతుంది, చెక్క మాడుతుంది, మోటారు మూలుగుతుంది. అప్పటికి పన్ను అరిగి ఉండకపోవచ్చు. మీరు పారేసిన వాటిలో ఎన్ని బాగున్నాయో!

ఆదివారం ఒక గంట కేటాయించండి. స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకేయండి. బ్లేడు విప్పి, వెడల్పాటి బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే ద్రవం, కాస్త వంట సోడా కలిపి పావుగంట నానబెట్టండి. పాత టూత్ బ్రష్‌తో ఒక్కో పన్ను చుట్టూ రుద్దితే బంక వదిలిపోతుంది. ఇనుప బ్రష్, గరుకు కాగితం, మరుగుదొడ్డి శుభ్రం చేసే ఆమ్లం వద్దు. పన్ను గట్టిదే కానీ పెళుసు. విరిగిన పన్ను, రేకులో పగులు కనిపిస్తే ఆ బ్లేడును మళ్లీ వాడకండి. కడిగిన వెంటనే పొడి గుడ్డతో తుడవండి, తడి ఉంటే తుప్పు పడుతుంది. విడిగా దాచే బ్లేడుకు పలుచగా మెషిన్ ఆయిల్ పట్టించండి, బిగించే ముందు తుడిచేయండి, లేకపోతే చెక్కకు మరకలు పడతాయి. బ్లేడులను ఒకదానిమీద ఒకటి పేర్చకుండా, మధ్యలో అట్ట పెట్టి మేకుకు తగిలించండి. కడిగాక కూడా మాడుతుంటే సాన పట్టించండి, కార్బైడ్‌కు వజ్రపు చక్రం ఉన్న దుకాణానికే ఇవ్వాలి. అప్పటికీ మాడితే, కోసేటప్పుడు చెక్కను పక్కన ఆనించే పట్టీ (ఫెన్సు) బ్లేడుకు సమాంతరంగా ఉందో లేదో చూడండి. ఇవన్నీ అయ్యాక యంత్రం మాట.

ఇక అప్పు. నూటికి మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. 2.5 లక్షల మీద నెలకు 7,500 వడ్డీయే పోతుంది, అసలు అలాగే ఉంటుంది. బ్లేడులకు మీరు పెట్టే 5,400 కన్నా ఇది ఎక్కువ! ఖర్చు తగ్గించుకోవడానికి చేసే అప్పు ఇదేనా?

ఆ డిపాజిట్ జోలికి అసలు వెళ్లకండి. మొద్దుబారిన బ్లేడు ముందు చెక్కను బలంగా తోస్తాం, చేయి జారేది అప్పుడే. మా మేనమామకు కుడిచేతి రెండు వేళ్లు అలాగే పోయాయి. షెడ్డు మూడు నెలలు మూతపడింది, అద్దె మాత్రం ఆగలేదు. మీ ఇల్లు, షెడ్డు కలిపి నెలకు 41,000. ఆరు నెలలకు 2,46,000 చేతిలో ఉండాలి. మీ దగ్గర ఉన్నది మూడు నెలలకు కూడా చాలదు. వడ్డీకి కట్టడానికి సిద్ధపడిన ఆ 7,500ను నెలనెలా రికరింగ్ డిపాజిట్‌లో వేయండి. లోటు పదిహేడు నెలల్లో పూడుతుంది.

ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలే, తప్పక తీసుకోండి. అయితే అది మరణానికి, కన్ను, చేయి, కాలు పోయిన వైకల్యానికి. రెండు వేళ్లు పోతే దాని నుంచి ఏమీ రాదు. రంపం ముందు నిలబడేవారికి పోయేది సాధారణంగా వేళ్లే. వేళ్ల నష్టానికి పరిహారం, మంచాన పడ్డ వారాలకు భత్యం ఇచ్చే వ్యక్తిగత ప్రమాద బీమా విడిగా తీసుకోండి. ఫారంలో మీ వృత్తి, యంత్రం ఉన్నది ఉన్నట్టు రాయండి. దాచిపెడితే క్లెయిమ్ తిరస్కరించవచ్చు.

ఆ ఆరు నెలల నిధి నిండాక కూడా యంత్రం కావాలనిపిస్తే, అర్హత ఉంటే చేతివృత్తుల వారికి కేంద్రం పెట్టిన పీఎం విశ్వకర్మ పథకంలో మొదటి విడతగా లక్ష వరకు 5 శాతం వడ్డీకి వస్తుంది. లేదంటే బంగారం మీద బ్యాంకు రుణం.

మీ బావమరిదికి ఈరోజే ఫోన్ చేసి సంతకం అవసరం లేదని చెప్పండి. పండగకు మీ ఇంటికి రావాల్సిన మనిషి.