గర్భసంచి తీయించేసుకుంటానన్నావు కదా, అమ్మలూ

అమ్మలూ,

మొన్న గృహప్రవేశంలో నువ్వు కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ వెనక్కి తిరిగి కుర్చీ వంక చూసుకున్నావు. పొద్దున లేత ఆకుపచ్చ పట్టుచీరలో ఉన్నదానివి భోజనాల వేళకి ముదురు నీలం చీరలోకి మారావు. 47 ఏళ్లప్పుడు నేనూ అలాగే వెనక్కి చూసుకుంటూ తిరిగినదాన్నే, అందుకే నాకు తెలిసిపోయింది. రాత్రి ఫోన్ చేసి గట్టిగా అడిగితే అప్పుడు చెప్పావు, నెలసరి పది రోజులైనా ఆగడం లేదని, రక్తం గడ్డలు పడుతున్నాయని, రెండు ప్యాడ్లు కలిపి పెట్టుకున్నా దుప్పటి తడుస్తోందని. "ఈ వయసుకి మామూలేగా పెద్దమ్మా, మరీ ఎక్కువైతే అమ్మలాగే గర్భసంచి తీయించేసుకుంటాను" అన్నావు. ఆ రెండు మాటలూ విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

ముట్లుడిగే ముందు నెలసరి అటూ ఇటూ కావడం నిజమే. కొన్ని నెలలు అండం విడుదల కాదు. అప్పుడు గర్భసంచి లోపలి పొర మందంగా పెరిగిపోయి, ఒక్కసారిగా ఊడి పడుతుంది. కానీ తేదీలు మారడం వేరు, గంటకో ప్యాడ్ తడవడం వేరు. గర్భసంచిలో ఫైబ్రాయిడ్లనే కండ గడ్డలున్నా, లోపలి పొర మీద పాలిప్ అనే చిన్న పెరుగుదల ఉన్నా, థైరాయిడ్ తేడా చేసినా, ఎప్పుడో ఒకరికి క్యాన్సర్ మొదలవుతున్నా బయటికి కనిపించేది ఇదే రక్తం. ఏ కారణమో చూడకుండా మామూలే అని ఎవరన్నా నమ్మకు.

నేను రెండేళ్లు ఓర్చుకున్నాను. ఒకరోజు బస్సు మెట్టు ఎక్కుతూ కళ్లు తిరిగి పడితే రక్తపరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ 6.8. ఆడవాళ్లకి 12 ఉండాలి. ఆయాసం, గుండెదడ, జుట్టు రాలడం, ఇంట్లో అందరి మీదా విసుక్కోవడం, ఇదంతా వయసు అనుకున్నాను. రక్తం లేకపోవడమని అప్పుడు తెలిసింది. మొదట చూపించిన ఆస్పత్రిలో స్కానింగ్ చూసి, "తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది, రేపే చేరండి" అన్నారు. ముక్క పరీక్ష చేయలేదు, మందులు వాడి చూద్దామనలేదు. మీ పెదనాన్న ఇంకో డాక్టరమ్మకి చూపిద్దామని పట్టుబట్టారు కాబట్టి సరిపోయింది. ఆవిడ లోపలి పొర ముక్క తీసి పరీక్షకి పంపారు, చెడు ఏమీ లేదని వచ్చింది. గర్భసంచి లోపల పెట్టే, హార్మోన్ మందు ఉన్న లూప్ వేశారు. మొదటి నాలుగైదు నెలలు కొంచెం కొంచెంగా మరకలు కనిపిస్తూ విసుగేసింది. తర్వాత నెలసరి దాదాపు లేనట్టే. 52కి పూర్తిగా ఆగిపోయింది. నా గర్భసంచి ఇంకా నా దగ్గరే ఉంది.

మీ అమ్మ సంగతి నీకు తెలుసు. 34 ఏళ్లకే గర్భసంచితో పాటు అండాశయాలూ తీసేశారు. అవి తీసేస్తే ముట్లుడగడం ఒక్కరోజులో వచ్చి పడుతుంది. వారం తిరక్కుండానే ఒళ్లంతా ఆవిర్లు, ఆ తర్వాత ఎముకల బలహీనత. దాని నడుంనొప్పి నువ్వు చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. మన వైపు ఇది ఎంత మామూలైపోయిందంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర ఉంటే, ఆంధ్రాలో, తెలంగాణలో 8 శాతం దాటారు. అనవసరంగా తీయకుండా 2022లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పింది. తీయించుకోవడం తప్పని నేననను. క్యాన్సర్ అయినా, ఫైబ్రాయిడ్లు బాగా పెద్దవైనా, మిగతావేవీ పనిచేయకపోయినా తీయాల్సిందే. అప్పుడు కూడా "అండాశయాలు ఉంచుతారా?" అని నోరు తెరిచి అడగాలి.

ఈ లోపల వంటింటి క్యాలెండర్‌లో పాల లెక్క రాస్తావు కదా, ఆ గడిలోనే రోజుకి ఎన్ని ప్యాడ్లు మార్చావో, గడ్డలు ఎంత సైజులో పడ్డాయో రాయి. డాక్టర్ దగ్గర "చాలా అవుతోందండీ" అనడం కన్నా ఆ అంకెలు ఎక్కువ చెబుతాయి. రక్తపరీక్ష, థైరాయిడ్, కింది నుంచి చేసే స్కానింగ్, ముక్క పరీక్ష అడుగుతారు. గర్భం పరీక్ష కూడా చేయిస్తారు, ఈ వయసులోనా అని సిగ్గుపడకు. ముక్క తీసేటప్పుడు కొద్దిసేపు పొత్తికడుపు మెలిపెట్టినట్టుంటుంది. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ బిళ్లలు నెలసరి రోజుల్లో మాత్రమే వాడేవి. కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే పనికిరావు. అందుకే మందుల షాపులో అడిగి తెచ్చుకోవద్దు. లూప్ అనగానే కాపర్-టీ అనుకుని భయపడకు. దానివల్ల రక్తస్రావం పెరగొచ్చు, నాకు వేసింది తగ్గించేది.

ఇంకోటి. వ్రతానికీ, తిరుపతి ప్రయాణానికీ నెలసరి వాయిదా వేసే బిళ్లలు మింగుతున్నావు. ఇప్పుడవి మానెయ్. వేసుకోవడం ఆపగానే వచ్చేది ఒక్కోసారి మరీ ఎక్కువగా వస్తుంది, అసలు జబ్బేదో తెలియకుండా పోతుంది. పూజ వచ్చే నెల చేసుకోవచ్చు.

తోటకూర, గోంగూర, రాగులు తిను, కానీ కారిపోయిన రక్తం వాటితోనే రాదు. ఐరన్ బిళ్ల రాస్తే నిమ్మరసంతో వేసుకో, టీకి కనీసం గంట ఎడం ఉంచు. విరేచనం నల్లగా అవుతుంది, కంగారుపడకు. హిమోగ్లోబిన్ 12కి వచ్చాక కూడా మూడు నెలలు వాడమంటారు. కడుపులో పడకపోతే సెలైన్‌లో ఎక్కిస్తారు.

గంటకో ప్యాడ్ చొప్పున వరసగా రెండు గంటలు తడిసినా, కళ్లు తిరిగినా తెల్లవారేదాకా ఆగకు. అర్ధరాత్రయినా అల్లుణ్ణి లేపి ఆస్పత్రికి వెళ్లు. రేపెప్పుడో పూర్తిగా ఆగిపోయి ఏడాది దాటాక చుక్క కనిపించినా వెళ్లు.

గురువారం పొద్దున బస్సుకి వస్తున్నాను, ఇద్దరం కలిసి వెళ్దాం. రక్తం అవుతోంది కదా, తగ్గాక వెళ్దామనకు, వాళ్లకి అలవాటే. ఆ క్యాలెండర్ కాగితం, వేసుకునే బిళ్లల పేర్లు, పాత రిపోర్టులు ఒక కవర్లో పెట్టి ఉంచు.

మీ పెద్దమ్మ