రాగి గడ్డి ఆసిడ్ నీళ్లలో షుగర్ ఉంది, ఆల్కహాల్ ఎందుకు రావట్లేదు?

తమ్ముడూ, యెలహంక కాలేజీలో ప్రాజెక్ట్ అన్నావు, రాగి గడ్డిని 2% సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో 121 డిగ్రీల దగ్గర గంటసేపు ఆటోక్లేవ్ (ఆవిరి ప్రెషర్‌తో వేడి) చేశా, షుగర్ కొలిచే డీఎన్ఎస్ టెస్ట్‌లో షుగర్ బాగా వచ్చింది కానీ బేకర్స్ ఈస్ట్ వేస్తే ఏమీ జరగట్లేదు అని. ఈస్ట్‌ని తిట్టకు, పాపం దానికి నువ్వు పెట్టిందే తినలేని తిండి.

డీఎన్ఎస్ రెడ్యూసింగ్ షుగర్ మొత్తం చూపిస్తుంది, అది ఏ షుగరో చెప్పదు. పల్చటి ఆసిడ్ ఎక్కువగా విరగ్గొట్టేది గడ్డి పీచులోని హెమీసెల్యులోజ్‌ని, అంటే నీ ఫ్లాస్క్‌లో ఉన్నది చాలావరకు జైలోజ్ అనే వేరే రకం షుగర్, మామూలు ఈస్ట్ దాన్ని ఆల్కహాల్ చెయ్యలేదు. గ్లూకోజ్ ఇచ్చే సెల్యులోజ్ ఇంకా వడకట్టిన పిప్పిలోనే ఉంది, అది పారేశావా ఏంటి కొంపదీసి? దాన్ని బాగా కడిగి, పీహెచ్ 5 దగ్గర, 50 డిగ్రీల్లో సెల్యులేజ్ ఎంజైమ్ వెయ్యి, చల్లారాక అందులో నీ ఈస్ట్ హాయిగా పనిచేస్తుంది.

ఆ జైలోజ్ ఉన్న ఆసిడ్ నీళ్లు కూడా వాడాలంటే పిచియా స్టిపిటిస్ అనే వేరే ఈస్ట్ కావాలి, దానికి కొంచెం గాలి తగలాలి, పూర్తిగా మూసేస్తే కుదరదు. ఇంకోటి, ఆ నీళ్లకి ముదురు బ్రౌన్ రంగు వచ్చిందంటే షుగర్ మాడి పుట్టే ఫర్‌ఫ్యూరాల్ ఉండే ఛాన్స్ ఉంది, అసిటిక్ ఆసిడ్ ఎలాగూ ఉంటుంది, రెండూ ఈస్ట్‌ని దెబ్బతీసేవే, ఉత్త కాస్టిక్ సోడాతో పీహెచ్ సరిచేస్తే అవి పోవు. కాల్షియం హైడ్రాక్సైడ్‌తో (పాన్ డబ్బా సున్నం కాదు బాబూ) పీహెచ్ 10కి తెచ్చి, 50-60 డిగ్రీల్లో అరగంట ఉంచి, అడుగున చేరే జిప్సం వడకట్టి, మళ్లీ ఆసిడ్‌తో 5.5కి దించు, కొంత షుగర్ పోతుంది కానీ ఫర్‌ఫ్యూరాల్ బాగా తగ్గుతుంది, అసిటిక్ ఆసిడ్ మాత్రం చాలావరకు అలాగే ఉంటుంది.

నెక్స్ట్ బ్యాచ్ 1% ఆసిడ్, అరగంట పెట్టి చూడు, పక్కన ఉత్త గ్లూకోజ్‌తో ఒక కంట్రోల్ ఫ్లాస్క్ కూడా పెట్టు.