దాన్ని మట్టిలో పెట్టకు

చిరంజీవి బంగారుతల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు దొరికిన ఫెర్న్ తీగను ఇంకా కుండీలో పెట్టలేదు కదా? పెట్టి ఉంటే ముందు బయటికి తీసి, తడిగుడ్డలో చుట్టి ఉంచు. మిగతా ఉత్తరం తర్వాత చదువుకోవచ్చు.

నువ్వు పంపిన ఫోటోలు చూశాను. వేలిగోరంత గుండ్రటి మందపాటి ఆకులు, వాటి మధ్య సన్నగా, నిటారుగా లేచిన పొడుగాకులు కొన్ని. రెండు మొక్కలు కలిసిపోయాయేమోనని అడిగావు. కాదు, ఒకటే మొక్క. లెమ్మాఫిల్లమ్ మైక్రోఫిల్లమ్ అంటారు. జపాన్, కొరియా, చైనా అడవుల్లో రాళ్లనూ చెట్ల మానులనూ పట్టుకుని పాకుతూ ఉంటుంది. ఎవరైనా దీన్ని బదనిక అని భయపెడితే నమ్మకు. బదనిక చెట్టులోకి వేళ్లు దించి రసం పీలుస్తుంది. ఇది బెరడును పట్టుకుని ఉంటుందంతే. పైనుంచి జారే వాన నీళ్లు, పగుళ్లలో చేరిన ఆకుల పొడి దీనికి చాలు.

ఈ మొక్క ప్రాణమంతా ఆ పాకే కాండంలో ఉంది. దారమంత సన్నగా, గోధుమరంగు పొలుసులు కప్పుకుని ఉంటుంది. భూతద్దం పెట్టి దాని కొసను చూడు. పొలుసుల కుచ్చులోంచి లేతాకుపచ్చ మొన తొంగిచూస్తుంది. తీగ ముందుకు సాగేది ఆ మొన నుంచే. దాన్ని మట్టిలో పూడ్చినా, నాచు కింద నొక్కేసినా గాలాడక కుళ్లిపోతుంది. వేళ్లకు తడి కావాలి, కాండానికి గాలి కావాలి. ఈ రెండూ ఒకేసారి అందించగలిగితే దీని పెంపకం వచ్చేసినట్టే.

చెట్టుకు కట్టదలిస్తే గరుకుగా, పగుళ్లు తేలిన బెరడు ఉన్నదాన్ని ఎంచుకో. జామ, యూకలిప్టస్ పనికిరావు. అవి బెరడు వలుచుకున్నప్పుడల్లా మన మొక్కా ఊడి కింద పడుతుంది. రాయైతే నీళ్లు పీల్చే ఇసుకరాయో, లావా రాయో మంచిది. నున్నగా మెరిసే రాయి చూడటానికి బాగుంటుంది కానీ వేరుకు పట్టు దొరకదు. కట్టే ముందు రాయిని ఒక రాత్రంతా నీళ్లలో నానబెట్టు.

తీగను ముక్కలు చేసేటప్పుడు ప్రతి ముక్కకూ నాలుగైదు ఆకులు, ఒక కొనమొన ఉండేలా కోయి. ఆకు ఒక్కటే తెంపి గుచ్చితే లాభం లేదు. రాతి మీద స్పాగ్నమ్ నాచును పల్చగా పరిచి, దాని మీద తీగను ఉంచి, నూలు దారంతో అక్కడక్కడా చుట్టు. దారం కొనమొన మీదుగా పోకూడదు. రాగి తీగ అసలే వద్దు. గాలిలో తేమ పెరిగే కాలంలో ఈ పని చేస్తే సగం శ్రమ తగ్గుతుంది.

వెలుతురు బాగా ఉన్న నీడ దీనికి నచ్చుతుంది. పొద్దుటి లేత ఎండ పరవాలేదు, మధ్యాహ్నపు ఎండ ఆకులను మాడ్చేస్తుంది. వేళ్లు పట్టేదాకా నాచు ఆరిపోకుండా పొద్దున్నే నీళ్లు చిలకరించు. వాన నీళ్లైతే మరీ మంచిది. ఉప్పు నీళ్లు పోస్తే రాయి మీద తెల్లటి పొర కడుతుంది. ఆకులు ముడతలు పడితే దాహం వేసిందని అర్థం. అవి నీళ్లు దాచుకునే ఆకులు, తడి తగలగానే మళ్లీ ఉబ్బుతాయి. కాండం నల్లబడి మెత్తబడితే మాత్రం నీళ్లు ఎక్కువయ్యాయి, గాలి తక్కువైంది. నల్లబడిన భాగాన్ని కోసి పారేయి. నేను చూసినంతలో ఈ మొక్కలు నిర్లక్ష్యం కంటే అతి గారాబం వల్లే ఎక్కువగా పోతాయి. ఎరువు కూడా అంతే. కొత్త ఆకులు వస్తున్నప్పుడు మాత్రమే, డబ్బా మీద రాసిన మోతాదులో నాలుగో వంతు చాలు.

ఆ పొడుగాకుల వెనక గోధుమరంగు చారలు కనబడి పురుగు పట్టిందనుకున్నావు. మందు కొట్టకు! నడిమి ఈనెకు అటొకటి ఇటొకటి తీర్చినట్టుండే ఆ చారలు సిద్ధబీజాల గుంపులు, అంటే విత్తనాలకు బదులు ఫెర్న్‌లు వెదజల్లే సన్నటి పొడి. గుండ్రటి ఆకులకు అవి రావు, పొడుగాకులు ఉన్నదే ఆ పనికి. పొలుసు పురుగైతే ఓ వరస లేకుండా ఎక్కడపడితే అక్కడ అంటుకుని ఉంటుంది, గోటితో గీకితే ఊడివస్తుంది, చుట్టూ జిగురుగా ఉంటుంది. దాన్ని మెత్తటి బ్రష్షుతో తీసేస్తే చాలు. లేత ఆకులు రాత్రికి రాత్రి మాయమైతే అది నత్తల పని. టార్చి వేసి వెతుకు.

దారం ఎప్పుడు విప్పాలని కదా చివర్లో అడిగావు. తీగను లాగి చూడకు, అంటుకుంటున్న వేళ్లు తెగిపోతాయి. నెలల తరబడి ఏమీ జరగనట్టే ఉంటుంది. ఒకరోజు కొనమొన దారాన్ని దాటి, నాచును కూడా దాటి వట్టి రాతి మీదికి వస్తుంది. అక్కడ కింద కొత్త వేళ్లు రాయికి అతుక్కుని కనిపిస్తే అప్పుడు కత్తిరించెయ్యి. నూలు దారమైతే ఈలోపే చాలావరకు చివికిపోయి ఉంటుంది.

ఇట్లు,
పెద్దమ్మ