మీ నాన్న పాచికలు

చిరంజీవికి అత్త ఆశీస్సులు.

మొన్న రాత్రి మీ అమ్మ ఫోను చేసింది. మీ నాన్న చెక్క సిపాయిలతో ఆడిన ఉదయగిరి కోట యుద్ధం ఆటను నువ్వు కంప్యూటర్‌లోకి తెస్తున్నావని చెప్పినప్పుడు నాకు మాట రాలేదు. అందుకోసం ఉద్యోగం మానేయాలనుకుంటున్నావని కూడా చెప్పింది. ఇక తెల్లవార్లూ నిద్ర రాలేదు.

ఉద్యోగం మానకు. సాయంత్రాలు, ఆదివారాలు చాలు. దీని మీద నీతో వాదించను, ఇది ఆజ్ఞ అనుకో.

తేలికైన మాటలు ముందు చెప్పేస్తాను. ఒక్క పటం, చెరో నలుగురు సిపాయిలతో మొదలుపెట్టు. మార్చదలచిన ప్రతి నియమాన్నీ ముందు కాగితం మీద ఆడి చూడు. రాసినదాన్ని రోజూ రెండు చోట్ల దాచు. విదేశీ ఆటల పేర్లు, బొమ్మలు, వాటి నియమాల పుస్తకాల్లోని వాక్యాలు ముట్టుకోకు. ఆడే పద్ధతికి కాపీరైటు లేకపోయినా బొమ్మలకూ వాక్యాలకూ ఉంటుంది, పేర్లకు ట్రేడ్‌మార్కు ఉండవచ్చు.

అసలు ఆటను నువ్వు సరిగా చూసి ఉండవు. కావలిలో మన పాత ఇంటి వసారాలో మీ నాన్న పీటలు, పుస్తకాలు పేర్చి, పైన గోనెపట్టా కప్పేవాడు. అదే ఉదయగిరి కొండ. ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాళ్ల దగ్గర మిగిలిన ముక్కలు తెచ్చుకుని బొటనవేలంత సిపాయిలను చెక్కాడు. పైన గజపతి మనుషులు ఎనిమిది మంది, కింద రాయల మనుషులు పన్నెండు మంది. ప్రతి ఒక్కరికీ పేరుండేది. 1513లో మొదలై మరుసటి ఏడు కోట లొంగేదాకా సాగిన ముట్టడిని, వాడు నీటిగుంట దగ్గర ఒక్క రాత్రి జరిగిన కొట్లాటగా కుదించాడు. దాన్ని పెంచకు. వేల సైన్యం తెరమీద కదిలితే చూడటానికి బాగుంటుంది కానీ, ఆ ఇరవై మందిలో ఎవరు పడిపోయినా మాకు అన్నం సహించేది కాదు.

దూరాలు దర్జీ టేపుతో కొలిచేవాడు. నువ్వు గడులు వేస్తావు కదా, అక్కడ జాగ్రత్త. మూలకు వేసిన అడుగు పక్కకు వేసినదానికంటే సుమారు 1.41 రెట్లు పొడుగు. రెండింటినీ సమానంగా లెక్కిస్తే మూలగా పరిగెత్తేవాడికి ఊరికే దూరం కలిసొస్తుంది. ఆరు భుజాల గడులు వేస్తే ఆ చిక్కు పోతుంది కానీ కోటగోడలు వంకర తిరుగుతాయి. మొదటి మూలడుగును ఒకటిగా, రెండోదాన్ని రెండుగా లెక్కించు, సరిపోతుంది.

బాణం వేసేముందు మీ నాన్న చెంపను గోనెకు ఆనించి, ఒక కన్ను మూసి, సిపాయి ఎత్తు నుంచి చూసేవాడు. కనబడుతున్నాడా లేదా అని మేము అరగంట పోట్లాడుకున్న రోజులున్నాయి. కంప్యూటర్ ఆ తీర్పు క్షణంలో ఇచ్చేస్తుంది, ఎందుకో చెప్పదు. ఎవరికి ఎవరు కనబడుతున్నారో బాణం వదలకముందే గీత గీసి చూపించు. ఆ పోట్లాటల్లో మేము కళ్లారా చూసి ఒప్పుకునేవాళ్లం.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. మీ అమ్మకు కూడా ఇది తెలియదు.

1991 వేసవిలో నేను కళాశాలలో కంప్యూటర్ పాఠాలు చెబుతున్నాను. సెలవుల్లో అక్కడి యంత్రం మీద ఈ ఆటను బేసిక్ అనే కంప్యూటర్ భాషలో రాశాను. మొదట్లో పాచికల వరుసను ప్రతిసారీ కొత్తగా మొదలుపెట్టించే ఆజ్ఞ రాయడం మరిచిపోయాను. రోజూ అవే పాచికలు అదే వరుసలో పడేవి. మూడో రోజుకే మీ నాన్న పట్టేశాడు, ఒక్క వాక్యంతో సరిదిద్దాను. అది లెక్కలోకి రాదు.

ఆ ఏడు వాడు ఉద్యోగ పరీక్ష రెండోసారి తప్పాడు. ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. సాయంత్రం నాతో కళాశాలకు వచ్చి ఆ యంత్రం ముందు కూర్చునేవాడు, అక్కడా ఓడిపోయేవాడు. నేను చూడలేకపోయాను. మా నియమం ప్రకారం పాచిక మీద నాలుగు, ఐదు, ఆరు పడితే బాణం తగిలినట్టు. ఒక రాత్రి కూర్చుని, వాడి సిపాయిలకు మాత్రం మూడు పడినా తగిలేలా మార్చాను. పాచికలు తెరమీద కనబడవు కాబట్టి ఎవరికీ తెలియదు. సగం తగలాల్సిన బాణాలు మూడింట రెండు వంతులు తగలడం మొదలైంది.

వాడు గెలవసాగాడు. పది రోజులు అన్నం సరిగా తిన్నాడు. వీధిలో అందరికీ చెప్పుకున్నాడు. నేను మంచి పని చేశాననే అనుకున్నాను.

వాడికి ప్రతి ఎత్తునూ నోటుపుస్తకంలో రాసుకునే అలవాటుందని నాకు తెలియకపోలేదు, ఆ సంగతి ఆలోచించలేదు. పదకొండో రోజు ఆ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. వాడు వేసిన 200 బాణాల్లో 132 తగిలాయి. నావి సగమే తగిలాయి. అడిగాడు, నేను దాచలేకపోయాను. కోప్పడి ఉంటే భరించేదాన్ని. "అక్కా, వీటిలో నేను గెలిచినవి ఏవో ఇక నాకెలా తెలుస్తుంది?" అన్నాడు. ఆ తరవాత మూడేళ్లు గోనెపట్టా మీద కూడా నాతో ఆడలేదు.

పెద్ద పేరున్న ఆటలే ఈ పని చేస్తున్నాయని నువ్వు అనవచ్చు. నాకూ తెలుసు. ఫైర్ ఎంబ్లెమ్ అనే యుద్ధపు వీడియో ఆటల్లో 2002 నుంచి, దెబ్బ తగిలిందో లేదో తేల్చడానికి పాచికలా ఒక సంఖ్యకు బదులు రెండు తీసి సగటు చూసే పద్ధతి వచ్చింది. అందులో 90 శాతం అని చూపిన దెబ్బ నిజానికి 98 శాతం తగులుతుంది, 10 అని చూపినది రెండు శాతమే. ఎక్స్‌కామ్ 2 అనే ఇంకో యుద్ధపు ఆట తేలిక స్థాయిల్లో ఆటగాడికి చెప్పకుండా చేయూతనిస్తుంది. మనిషి మనసు 90ని నూరుగా వింటుందని వాళ్ల వాదన, అందులో నిజముంది. అయినా నేను ఒప్పుకోలేను. బ్లడ్ బౌల్ అనే బల్లమీది ఆట 2009లో మళ్లీ కంప్యూటర్‌కు వచ్చినప్పుడు పాచికలను తెరమీదే పరిచింది, పైచేయి ఉన్నవాడినే వాటిలో ఒకటి ఎంచుకోనిచ్చింది. నువ్వు అలా చెయ్యి. పాచిక దొర్లాలి, ఆగాలి, అంకె కనబడాలి, ఏది కలిపావో ఏది తీసేశావో పక్కనే రాసి ఉండాలి. తేలిక చేయాలనుకుంటే చెప్పి చెయ్యి, ఇంకో సిపాయిని ఇవ్వు.

ఆటను మధ్యలో దాచినప్పుడు పాచికల వరుస ఎక్కడిదాకా వచ్చిందో అదీ దాచు. లేకపోతే నచ్చని దెబ్బ పడిన ప్రతిసారీ వెనక్కి వెళ్లి మళ్లీ విసురుతారు.

యంత్రంతో ఒంటరిగా ఆడే పద్ధతి చివర పెట్టుకో. ముందు ఒకే తెర ముందు ఇద్దరు కూర్చుని వంతులవారీగా ఆడేలా తయారు చెయ్యి. నాన్న పోయినప్పటి నుంచి నువ్వు గదిలోనే ఉంటున్నావని మీ అమ్మ బాధపడుతోంది. ఎదురుగా మనిషి లేకుండా నువ్వు ఆ కొండను పొద్దస్తమానం చూస్తూ కూర్చోవడం నాకూ భయంగా ఉంది. వారానికి ఒక్కసారైనా ఎవరినైనా పిలిచి ఆడించు. సరిగా తిను.

నోటుపుస్తకం నా దగ్గరే ఉంది. దానితోపాటు దర్జీ టేపు, పదిహేడు మంది సిపాయిలు కూడా. ముగ్గురు ఇల్లు మారినప్పుడు పోయారు, వాళ్ల పేర్లు పుస్తకం చివరి పేజీలో ఉన్నాయి. పోస్టులో పంపడానికి నాకు ధైర్యం చాలదు. పండగకు కావలి వచ్చి తీసుకెళ్లు, అప్పటికి నలుగురితో ఆడేంత తయారై ఉంటే అదీ తీసుకురా. గజపతి పక్షం నాది. ఓడిపోతే ఓడిపోనివ్వు.

మీ అత్త