దోమపోటుకు తట్టుకునే వరి తీయాలంటే

అమ్మాయీ,

బీపీటీ 5204కు, అదే సాంబ మసూరి వరికి, దోమపోటును (మొక్క రసం పీల్చి పైరును మాడ్చే గోధుమరంగు దోమ బెడదను) తట్టుకునే గుణం ఎక్కిస్తానన్నావు. మంచిదే. సంకరం చేతిపని, నాలుగు రోజుల్లో పట్టుబడుతుంది. ట్రేలో దోమను వదిలి ఏ మొక్క నిలిచిందో తేల్చేచోటే చాలామంది బోల్తాపడతారు.

5204ని తల్లిగా, దోమను బాగా తట్టుకునే కేరళ రకం పీటీబీ 33ని తండ్రిగా పెట్టుకో. సాయంత్రంపూట సగం బయటికొచ్చిన వెన్ను పట్టి, పైన పూసేసినవాటిని, అడుగున మరీ లేతవాటిని తీసెయ్. మిగతా పూల కొసను మూడోవంతు ఏటవాలుగా కత్తిరించి, లోపలి ఆరు పుప్పొడి తిత్తుల్నీ చిట్లకుండా లాగి, కాగితం సంచి తొడుగు. ఒక్క తిత్తి మిగిలినా దక్కేది ఉత్త 5204. మర్నాడు తొమ్మిదిన్నర, పదకొండు మధ్య దానిమీద తండ్రి వెన్నును దులుపు. 25-30 రోజులకు గింజ పండుతుంది. పైపొట్టు కత్తిరించాం కనక బియ్యం సగం బయటే ఉండి తొందరగా బూజు పడుతుంది; నేరుగా మట్టిలో వేయక తడి కాగితం మీద మొలకెత్తించు. పీటీబీ 33 వెంట ఎర్ర బియ్యం, ఎత్తు కూడా వస్తాయి. వాటిని వదిలించుకోవాలంటే వచ్చిన మొక్కను మళ్లీ 5204తోనే రెండు మూడుసార్లు సంకరం చేయక (బ్యాక్‌క్రాస్) తప్పదు.

ఇక ట్రే. వరుసకు 20-25 మొలకలు, అంచుల్లో దోమకు తేలిగ్గా చచ్చే రకం టీఎన్1, నడుమ పీటీబీ 33. విత్తిన 10-12 రోజులకు మొలకకు 8-10 చొప్పున రెండు, మూడో దశ పిల్లదోమలు వదులు. టీఎన్1 తొంభై శాతం మాడిన రోజే 0-9 స్కేలు మీద (0 అంటే దెబ్బ తగలనిది, 9 అంటే చచ్చింది) మార్కులు వెయ్, ఆదివారమైనా సరే. ముందే వేస్తే అన్నీ నిలిచినట్టే కనిపిస్తాయి. ఆలస్యమైతే మాడిన వరుసల్లోని దోమంతా పచ్చగా మిగిలినవాటి మీద పడి మంచివాటినీ చంపుతుంది. టీఎన్1 ఎంతకీ చావకపోతే ఆ ట్రే పారెయ్. దోమ చాలలేదన్నమాట, లేదా పెంచే బోనులోకి మిరిడ్ నల్లి దూరి గుడ్లు తినేసిందన్నమాట. పొలంలో అది మన నేస్తమే, బోనులో మాత్రం కొంప ముంచుతుంది.

మార్కు 3 లోపు వచ్చినవాటికి తేనెబంక (రసం తాగిన దోమ విసర్జించే తీపి ద్రవం) పరీక్ష కూడా చెయ్. బ్రోమోక్రెసాల్ గ్రీన్ అనే రంగు పూసిన వడపోత కాగితం మీద పెద్ద నీలిమచ్చలు పడితే దోమ ఆ మొక్క రసం హాయిగా తాగుతోందని అర్థం. దోమ దృష్టి పడక బతికిన మొక్క ఇక్కడ దొరికిపోతుంది.

ఒక్క జన్యువుతో ఆగకు. 1973లో వచ్చిన ఐఆర్ 26 రకంలో దోమను తట్టుకునే జన్యువు బీపీహెచ్1 ఒక్కటే ఉండేది. కొద్ది ఏళ్లకే ఫిలిప్పీన్స్‌లో దోమ దాన్ని దాటేసింది. రెండో దాతగా శ్రీలంక రకం రతు హీనటిని తెస్తారు కొందరు. అందులోనూ పీటీబీ 33లోనూ బీపీహెచ్3 ఉంది కాబట్టి ఒకే తాళానికి రెండు తాళంచెవులు చేయించినట్టు. అడవి వరి ఒరైజా అఫిసినాలిస్ నుంచి వచ్చిన బీపీహెచ్14, బీపీహెచ్15 ఉన్న లైను మేలు. ఒక జన్యువున్న మొక్కకూ రెండున్న మొక్కకూ తేడా ట్రేలో తెలియదు, అక్కడ ఏ జన్యువు ఉందో చూపే డీఎన్‌ఏ గుర్తులే (మార్కర్లే) గతి.

పొలం పరీక్షలో దోమ బాగా పెరగాలి కనక దగ్గరగా నాటి, నత్రజని ఎక్కువే వెయ్, మధ్యమధ్య టీఎన్1 వరుసలు పెట్టు. దోమ చాలకపోతే సింథటిక్ పైరిథ్రాయిడ్ పురుగుమందు కొట్టు. మిత్ర పురుగులు చచ్చి దోమ పేట్రేగుతుంది. రైతు చేయకూడని ఆ పనే నీకు అక్కరకొస్తుంది.