యెజ్డీ కార్బ్యురేటర్ కారడం: ముందు ఫ్లోట్ చూడండి

అన్నా, పాత జావా, యెజ్డీ మోటార్‌సైకిళ్ల వాళ్లు కలిసే జావా-యెజ్డీ డే మీట్‌లో పాత సామాన్ల దగ్గర కొన్న జికోవ్ కార్బ్యురేటర్ బిగించాక, బండి ఆపితే పెట్రోల్ కారుతోందన్నారు కదా. అమ్మినాయన్ని అప్పుడే తిట్టుకోకండి. నాకూ సరిగ్గా ఇదే అయింది.

పెట్రోల్ ట్యాప్ కట్టేసి, కార్బ్యురేటర్ లోపల పెట్రోల్ మీద తేలే బోలు డబ్బీని, అదే ఫ్లోట్‌ని, బయటికి తీసి చెవి దగ్గర ఊపండి. లోపల గలగలమంటే చిల్లు పడినట్టే. ఇత్తడిదైతే స్టవ్ మీంచి దించిన వేడినీళ్లలో, ఆరుబయట ముంచండి. బుడగలు ఎక్కడ లేస్తే చిల్లు అక్కడే. లోపలి పెట్రోల్ చుక్క లేకుండా ఆరాకే టంకం పెట్టించండి, లేకపోతే భగ్గుమంటుంది. టంకం కూడా పిసరంతే. బరువెక్కితే ఫ్లోట్ సరిగా తేలదు, మళ్లీ కారుతుంది. (నేను దట్టంగా పెట్టించి, రెండోసారి గీకించుకున్నాను.)

ఫ్లోట్ బాగుంటే, అది పైకి తేలినప్పుడు పెట్రోల్ దారి మూసే నీడిల్ మొన మీద గోరు ఆనించి లాగండి. గాడి తగిలితే మార్చేయడమే.

ఇంకోటి, రాత్రంతా కారి ఉంటే ఇంజిన్ అడుగు గదిలోకీ (క్రాంక్‌కేస్) పెట్రోల్ దిగి ఉండొచ్చు. స్పార్క్ ప్లగ్ విప్పి, ఇగ్నిషన్ ఆపి, నాలుగు కిక్‌లు కొట్టాకే స్టార్ట్ చేయండి.

ఈ బండ్లు చేసిన మైసూరు ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది. మీటుల్లో దొరికేది చాలావరకు వాడిన సరుకే. ఈసారి మీ పాత పార్టు జేబులో వేసుకెళ్లి, పక్కన పెట్టి పోల్చుకుని కొనండి.