ప్రాక్టికల్స్ చెబితే పరిశోధన వెనకబడుతుందా?

ప్రశ్న: ఆర్గానిక్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ రెండో ఏడు చేస్తున్నాను. జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) ఉంది. ఈ సెమిస్టర్ నుంచి మా గైడు గారు ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం ప్రాక్టికల్స్ నాకు అప్పగించారు. వారంలో రెండు రోజులు, పదిన్నర నుంచి నాలుగున్నర దాకా ఆ పిల్లలతోనే సరిపోతోంది. ఆ రోజుల్లో కాలమ్ (సిలికా నింపిన గొట్టంలో పదార్థాలను విడదీయడం) పెట్టలేను, వర్కప్ (రియాక్షన్ అయ్యాక పదార్థాన్ని బయటికి తీయడం) చేయలేను. జాతీయ పరిశోధన సంస్థల్లో చేరిన నా స్నేహితులకు ఈ బెడద లేదు. కుదరదని సార్‌కి ఎలా చెప్పాలి?
- ఒక పరిశోధక విద్యార్థిని

జవాబు: నా దగ్గర చదువుకున్న పిల్లల వయసే నీది, అందుకే నువ్వనే అంటాను. ముందు గంటల లెక్క చూద్దాం. పరిశోధక విద్యార్థులకు ట్యుటోరియల్స్, ల్యాబ్, పేపర్లు దిద్దడం లాంటి పనులు వారానికి 4 నుంచి 6 గంటలు అప్పగించవచ్చని యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో ఉంది. నీకు పడినవి, భోజనం వేళ తీసేసినా, పది గంటలు. అది ఎక్కువే. అయితే నిబంధనల కాగితం పట్టుకుని సార్ ముందుకు వెళ్లకు, నీ ల్యాబ్ నోట్‌బుక్ పట్టుకెళ్లు. ఈ నెలలో ఏ రోజు ఏ రియాక్షన్ ఆగిపోయిందో చూపించి, "ఒక రోజు నేను చూసుకుంటాను సార్, రెండో రోజు ఇంకెవరికైనా ఇప్పించండి" అని అడుగు.

పూర్తిగా మాత్రం వదులుకోకు. ఎందుకంటున్నానో నాకు జరిగింది చెబుతాను.

పీహెచ్‌డీ రోజుల్లో నేను అసిటిక్ ఆమ్లంలో కోబాల్ట్ అసిటేట్ వేసి, ఆక్సిజన్ పంపుతూ ఒక హైడ్రోకార్బన్‌ను ఆక్సీకరించాలని చూసేదాన్ని. మూడు గంటలయ్యాక టీఎల్‌సీ పెట్టడం (సిలికా పూసిన ప్లేటు మీద పదార్థాలు వేరువేరు మచ్చలుగా కనిపించే పరీక్ష), మొదటి పదార్థం తప్ప వేరే మచ్చ లేకపోతే పారబోయడం. నెలన్నర ఇదే తంతు. సరిగ్గా అప్పుడే బీఎస్సీ ప్రాక్టికల్స్ నా నెత్తిన పడ్డాయి. నాకూ నీలాగే కోపం వచ్చింది.

ఒకరోజు పర్మాంగనేట్, ఆక్సాలిక్ ఆమ్లం టైట్రేషన్ జరుగుతోంది. వెనక బెంచీ దగ్గరున్న అమ్మాయి, "మేడమ్, మొదట వేసిన చుక్కల రంగు ఎంతకీ పోలేదు. ఇప్పుడు పడుతున్నవి పడీ పడగానే పోతున్నాయి. ఎందుకు?" అంది. సరిగా వేడి చేసి ఉండవు, 60 డిగ్రీలు దాటాలి అని దబాయించాను. థర్మామీటర్ పెట్టి చూపించింది. 65 ఉంది. ఆ సాయంత్రం లైబ్రరీకి వెళ్లి చదివాను. ఆ చర్యలో పుట్టే మాంగనీస్ అయానే ఆ చర్యకు ఉత్ప్రేరకం. అది కాస్త పోగయ్యేదాకా నత్తనడక, పోగయ్యాక పరుగు. ఎమ్మెస్సీ పరీక్షలో నేను రాసిన సంగతే ఇది. ఫ్లాస్కులో ఎన్నడూ గమనించలేదు.

నా రియాక్షన్ కూడా అలా ఆలస్యంగా మొదలయ్యేదేమో అనిపించి, మర్నాడు దాన్ని మూడు గంటలకు ఆపలేదు. ఐదో గంటలో గులాబీ రంగు ద్రావణం మెల్లగా ఆకుపచ్చకు తిరిగింది. కోబాల్ట్ రెండో ఆక్సీకరణ స్థితి నుంచి మూడో స్థితికి వచ్చాకే అసలు పని మొదలవుతుందన్నమాట. టీఎల్‌సీ ప్లేటు మీద కొత్త మచ్చ చూసి ఎంతసేపు అలా నిలబడిపోయానో! నెలన్నరగా నేను పారబోసినవన్నీ ఇంకాసేపటికి మొదలు కావాల్సిన రియాక్షన్లే. నా థీసిస్‌లో రెండో అధ్యాయం ఆ అమ్మాయి ప్రశ్న పెట్టిన భిక్ష. ఆ వారమే ప్రాక్టికల్స్‌లో అందరి ముందూ, తను అన్నదే నిజమని చెప్పాను.

నీ స్నేహితుల దగ్గర మంచి యంత్రాలుంటాయి, నిజమే. కానీ మన వైపు రసాయన పరిశోధన వేళ్లూనుకున్నది విశ్వవిద్యాలయాల్లోనే. ఇంగ్లండ్ రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ రాబిన్సన్ దగ్గర మాంచెస్టర్‌లో పనిచేసి వచ్చిన టి.ఆర్. శేషాద్రి గారు వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పత్తి పూలు, గోంగూర పూలలోని పసుపు రంగు పదార్థాలను విడదీసి వాటి నిర్మాణాలు తేల్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో ప్రయోగశాలలు సైన్యానికి అప్పగించి గుంటూరుకు తరలాల్సి వచ్చింది. అయినా విద్యార్థులతో ఆ పని సాగింది. ఆయన 1949లో ఢిల్లీ వెళ్లారు, 1960లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యారు. ఆయన శిష్యులు ఎల్. రామచంద్రరావు గారు ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనే ఆచార్యులై, తన విద్యార్థులతో నేల ఉసిరి మీద పనిచేశారు.

ఇక ప్రాక్టికల్ ఉన్న రోజు కాలమ్ పెట్టకు. మధ్యలో వదిలేస్తే సిలికా ఎండి పగుళ్లిస్తుంది. ముందు రోజు కాలమ్ నుంచి పట్టిన ఫ్రాక్షన్లు పంపు మీద ఆరబెట్టడం, ఎన్‌ఎంఆర్‌కు (అణువు నిర్మాణం తెలిపే యంత్ర పరీక్షకు) శాంపిళ్లు ఇవ్వడం, నోట్‌బుక్ రాసుకోవడం ఆ రోజుకు ఉంచుకో. రిఫ్లక్స్ పెట్టి (ద్రావణం మరుగుతూ ఆవిరి చల్లబడి తిరిగి ఫ్లాస్కులో పడేలా పెట్టి) క్లాసుకు మాత్రం వెళ్లొద్దు తల్లీ. కండెన్సర్ నీళ్ల గొట్టం ఊడితే చూసే దిక్కుండదు.

ప్రశ్న: మా ఎమ్మెస్సీ ప్రాజెక్టు పదార్థానికి డ్యూటీరేటెడ్ క్లోరోఫాంలో ప్రోటాన్ ఎన్‌ఎంఆర్ తీస్తే 1.26 పీపీఎం దగ్గర ట్రిప్లెట్ (మూడు గీతల గుంపు), 2.05 దగ్గర సింగ్లెట్ (ఒకే గీత), 4.12 దగ్గర క్వార్టెట్ (నాలుగు గీతల గుంపు) అదనంగా వచ్చాయి. కొత్త పదార్థం ఏదైనా తయారైందా?
- ఒక విద్యార్థి

జవాబు: లేదు బాబూ, అది ఇథైల్ అసిటేట్. నీ కాలమ్‌లో వాడిన ద్రావణే. ఇంటిగ్రేషన్ (ఒక్కో చోట ఎన్ని హైడ్రోజన్లున్నాయో తెలిపే లెక్క) 3, 3, 2 వస్తోందేమో చూడు. పదార్థం జిగురుగా ఉంటే కాస్త డైక్లోరోమీథేన్‌లో కరిగించి రోటరీ ఎవాపరేటర్ మీద ఆవిరి చేయి, అలా రెండు మూడు సార్లు. తర్వాత హై వ్యాక్యూమ్ మీద రెండు మూడు గంటలు ఉంచి మళ్లీ తీయించు. పాత స్పెక్ట్రమ్‌ను పారేయకుండా నోట్‌బుక్‌లో అతికించి, ఆ మూడు సిగ్నళ్లు ఎక్కడివో పక్కన రాసిపెట్టు. వచ్చే ఏడు నీ బెంచీకి వచ్చే జూనియర్ ఇదే ప్రశ్న అడుగుతాడు.